110 ఎంబీల బొమ్మ 35 కేబీల్లో

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతుకు సుడిదోమ కొత్త కాదు. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దాకా ఆయకట్టంతా దానికి నచ్చిన చోటే: నిండా నీళ్ళు, ఒత్తుగా నాట్లు, దండిగా యూరియా. చిక్కల్లా ఏమిటంటే, గట్టు మీద నిలబడి చూస్తే అది కనిపించదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది. చేను సుడులు సుడులుగా ఎండడం మొదలయ్యాక గానీ సంగతి బయటపడదు. ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమనీ, మందు మొదళ్ళకు తగిలేలా కొట్టమనీ వ్యవసాయాధికారులు మళ్ళీ మళ్ళీ చెప్పేది ఇందుకే.

ఈ ముక్కను ఫొటోతో చెప్పడం కష్టం. పైనుంచి తీస్తే పచ్చటి ఆకు తప్ప ఏమీ పడదు. మొదట్లో తీస్తే చీకటి, బురద. కదిలే బొమ్మకైతే ఒక్క నిమిషం చాలు. దుబ్బును నిలువుగా చీల్చి చూపించవచ్చు, పురుగు కాండం మీద పాకి రావడాన్ని, పైనుంచి పడిన మందు ఆకుల మీదే ఆగిపోవడాన్ని, కాలిబాట తీశాక గాలీ వెలుతురూ మొదళ్ళ దాకా దిగడాన్ని చూపించవచ్చు. ఇవాళైతే వీడియో తీసి వాట్సాప్‌లో పంపేస్తారు. ఇదే నిమిషం బొమ్మను 2001లో జేబులో పట్టే యంత్రం మీద ఆడించాలంటే ఎంత పని? ఆ లెక్క వేసి చూస్తే, అరచేతి తెర మీద యానిమేషన్ ఎలా సాధ్యమైందో తేలిపోతుంది.

ఆ రోజుల్లో అరచేతి యంత్రం అంటే స్మార్ట్‌ఫోన్ కాదు. ఫోన్ నంబర్లు, అపాయింట్‌మెంట్లు, చేయాల్సిన పనుల జాబితా రాసుకునే ఎలక్ట్రానిక్ డైరీ, ‘పీడీఏ’ అనేవారు. 1996లో వచ్చిన పామ్ పైలట్ 1000 వీటికి దారి వేసింది. దాని తెర అడ్డం 160 చుక్కలు, నిలువు 160 చుక్కలు, నలుపూ తెలుపే. మెమరీ 128 కేబీ. మోటరోలా డ్రాగన్‌బాల్ ప్రాసెసర్ వేగం 16 మెగాహెర్ట్జ్. రెండు చిన్న పెన్సిల్ సెల్స్‌తో వారాల తరబడి నడిచేది. నాలుగేళ్ళకు కాంపాక్ ఐప్యాక్ వచ్చింది: 240 × 320 చుక్కల రంగుల తెర, 32 ఎంబీ మెమరీ, 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్. అప్పటి లెక్కలో అది ఏనుగే.

ఆ ఏనుగు మీదే మన సుడిదోమ బొమ్మను ఎక్కిద్దాం. తెర మీద చుక్కలు 76,800. ఒక్కో చుక్క రంగుకు రెండు బైట్లనుకుంటే ఒక పూర్తి చిత్రానికి 1,53,600 బైట్లు. కదలిక కంటికి ఆనాలంటే సెకనుకు కనీసం 12 చిత్రాలు మారాలి. అంటే సెకనుకు 18 లక్షల బైట్లకు పైనే, నిమిషానికి దాదాపు 110 ఎంబీ. యంత్రం మొత్తం మెమరీని బొమ్మకే ఇచ్చేసినా 18 సెకన్లకే నిండిపోతుంది. పామ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చుక్కకు ఒక్క బిట్టే వాడినా 128 కేబీలో పట్టేది 40 చిత్రాలు. మూడున్నర సెకన్లయినా నడవదు. వీడియోను కుదించే పద్ధతులు అప్పటికే లేకపోలేదు. కానీ కుదించినదాన్ని విప్పడానికి ప్రాసెసర్ పడే పాటు ఎక్కువ. పైగా అప్పట్లో మెమరీ కార్డులు ఖరీదు.

దారి మరోవైపు ఉంది. బొమ్మను దాచవద్దు, బొమ్మ గీసే విధానాన్ని దాచండి. వెక్టర్ గ్రాఫిక్స్ అనేది ఇదే. పురుగు పొట్ట ఒక వంపు గీత, రెక్క రెండు వంపులు, ఆరు కాళ్ళు, రెండు మీసాలు, ఒక కన్ను: అంతా కలిపి నలభై వంపులనుకోండి. దుబ్బు, ఆకులు, నీటి గీత మరో అరవై. మ్యాక్రోమీడియా ఫ్లాష్ తయారుచేసే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్లో ఒక వంపును రాసే తీరు చూస్తే ఎవరో పరమ లోభి కూర్చుని తీర్చిదిద్దినట్టు ఉంటుంది. వంపు మొదలయ్యే చోటు రాయరు, వెనకటి గీత ఎక్కడ ఆగిందో అదే మొదలు. అక్కడి నుంచి వంపును లాగే బిందువు ఎంత దూరం, చివరి బిందువు ఎంత దూరం అన్నది నాలుగు అంకెల్లో చెబుతారు. ఆ అంకెలకు ఎన్ని బిట్లు కావాలో అన్నే వాడతారు. ఎన్ని వాడారో చెప్పడానికి మరో నాలుగు బిట్లు. అంకెలు చిన్నవైతే మొత్తం వంపు 46 బిట్లలో, అంటే ఆరు బైట్లలోపు ఇమిడిపోతుంది. కొలత చుక్కల్లో కాదు, చుక్కలో ఇరవయ్యో వంతుల్లో. దాన్ని ట్విప్ అంటారు. అంత సన్నటి కొలత ఉండబట్టే పురుగు నెమ్మదిగా పాకినా అదిరినట్టు కనిపించదు.

వంద వంపులకు 600 బైట్లు, రంగుల వివరాలతో కలిపి ఒక కేబీ లోపు. ఇక కదలిక. ప్రతి చిత్రంలోనూ పురుగును మళ్ళీ వర్ణించే పని లేదు. ‘మూడో నంబరు ముక్కను ఇక్కడికి జరుపు, ఇంత తిప్పు’ అని చెబితే చాలు, ఆ ఆజ్ఞకు పది పన్నెండు బైట్లు. ఒక్కో చిత్రంలో నాలుగు ముక్కలు కదులుతాయనుకుంటే 48 బైట్లు. నిమిషంలో 720 చిత్రాలకు 34 కేబీ చిల్లర. మొత్తం బొమ్మ 35 కేబీ. ముడి చిత్రాలుగా పేరిస్తే 110 ఎంబీ అయ్యేది మూడు వేలవ వంతుకు దిగింది.

ఫ్లాష్ చేతి యంత్రాలకు ఆలస్యంగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పుట్టుకే చేతి యంత్రం కోసం జరిగింది. 1993లో జొనాథన్ గే, చార్లీ జాక్సన్ కలిసి ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ పెట్టారు. గో కార్పొరేషన్ వారి పెన్‌పాయింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పెన్నుతో రాసే పలక కంప్యూటర్లు అప్పుడే వస్తున్నాయి. వాటి మీద బొమ్మలు గీయడానికి స్మార్ట్‌స్కెచ్ అనే ప్రోగ్రాం చేయడం ఈ కంపెనీ పని. ఏడాది తిరిగేసరికి, అప్పటికి పెన్‌పాయింట్‌ను చేజిక్కించుకున్న ఏటీ అండ్ టీ దాన్ని ఆపేసింది. నడిపే యంత్రమే లేకుండా పోయిన ప్రోగ్రాంను విండోస్‌కూ మ్యాక్‌కూ మార్చారు, కదలిక జోడించారు, 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అని పేరు పెట్టారు. ఆ డిసెంబరులో మ్యాక్రోమీడియా కొనుక్కుని ఫ్లాష్‌గా మార్చింది. బలహీనమైన యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన పొదుపు దాని ఒంట్లో మిగిలిపోయింది కాబట్టే, తర్వాత ఐప్యాక్ లాంటి పాకెట్ పీసీలకు, సోనీ క్లియె పీడీఏల్లో కొన్ని మోడళ్ళకు ఫ్లాష్ ప్లేయర్ 5 ఎక్కించగలిగారు. 2003లో జపాన్‌లో డొకొమో ఫోన్ల కోసం ఫ్లాష్ లైట్ వచ్చింది; ఆ తర్వాత నోకియాల్లోకీ పాకింది.

అయితే ఇక్కడ ఒక బేరం ఉంది. మెమరీలో మిగిల్చిందంతా ప్రాసెసర్ లెక్కల్లో కట్టాలి. ‘గీయి’ అన్న ఆజ్ఞ చిన్నదే, గీయడం చిన్నది కాదు. ప్రతి వంపును చిన్న చిన్న గీతలుగా విరగ్గొట్టాలి. తెరను పైనుంచి కిందికి వరుస వరుసగా తీసుకుని, ఆ వరుసను ఏ గీతలు ఎక్కడ కోస్తున్నాయో చూడాలి, రెండు కోతల నడుమ రంగు నింపాలి. ఇదంతా సెకనులో పన్నెండో వంతులో అయిపోవాలి.

ప్రాసెసర్ గడియారం ఒకసారి కొట్టుకోవడాన్ని ఒక టిక్ అందాం. ఐప్యాక్‌కు సెకనుకు 20.6 కోట్ల టిక్‌లు. 12 చిత్రాల్లోని చుక్కలన్నిటికీ పంచితే చుక్కకు 223 వస్తాయి. ఫరవాలేదు, బతకవచ్చు. పామ్‌లో అదే లెక్క వేస్తే చుక్కకు 52 టిక్‌లే. డ్రాగన్‌బాల్‌లో ఉన్నది పాత 68000 వంశపు ప్రాసెసర్. అందులో ఒక్క గుణకారానికి 70 టిక్‌ల దాకా పట్టవచ్చు. చుక్కకు ఒక్క గుణకారం చేసినా ఖాతా ఖాళీ! పామ్‌కు ఆటలు రాసినవాళ్ళు గుణకారాన్ని ఎలా తప్పించుకోవాలా అని అన్ని తిప్పలు పడ్డారంటే ఇదే కారణం. ముందే లెక్కలు వేసి పట్టికల్లో పెట్టుకునేవారు, రెండుతో గుణించాల్సిన చోట బిట్లను ఒక గడి జరిపేసేవారు.

దశాంశాలతో మరో తంటా. పామ్ ప్రాసెసర్‌కూ, స్ట్రాంగ్‌ఆర్మ్‌కూ దశాంశ భిన్నాల లెక్క చేసే ప్రత్యేక భాగం లేదు. సాఫ్ట్‌వేర్‌తో చేయించవచ్చు, కానీ పదుల రెట్లు నెమ్మది. దీనికి విరుగుడు కిరాణా కొట్టులో అందరికీ తెలిసినదే: 12 రూపాయల 75 పైసలను దశాంశంగా రాయకుండా 1275 పైసలని రాసుకుంటే కూడికలన్నీ పూర్ణాంకాల్లోనే అయిపోతాయి, చివర్లో వందతో భాగిస్తే సరి. ఫ్లాష్‌లో ఆ వందకు బదులు 65,536 ఉంటుంది. 32 బిట్ల అంకెలో పై 16 బిట్లు పూర్ణాంకం, కింది 16 భిన్నం. బొమ్మను తిప్పే, పెంచే, తగ్గించే లెక్కలు ఫైల్లోనే ఇలా రాసి ఉంటాయి.

అంచుల నునుపుకూ ధర ఉంది. వాలుగా పోయే గీత చిన్న తెర మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అది పోవాలంటే ఒక్కో చుక్కను 4 × 4 గడులుగా విడగొట్టి, ఎన్ని గడులు బొమ్మలో పడ్డాయో చూసి, ఆ మేరకు రంగు పలచన చేయాలి. ఫ్లాష్‌లో ‘హై క్వాలిటీ’ అంటే అదే. చుక్కకు 16 పరీక్షలు. ‘మీడియం’లో 2 × 2, నాలుగే. ‘లో’లో అసలు లేదు. చిన్న యంత్రాలకు బొమ్మలు చేసినవాళ్ళు తల వంచుకుని ‘లో’కో ‘మీడియం’కో దిగాల్సి వచ్చేది.

అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చే కిటుకు ఇంకొకటుంది: మారని చోటును ముట్టుకోకపోవడం. పురుగు 60 × 40 చుక్కల చోటులో పాకుతోందనుకుంటే ఒక్కో చిత్రంలో మళ్ళీ గీయాల్సింది 2,400 చుక్కలే, తెరలో నూటికి మూడు వంతులు. దుబ్బు, నీరు, ఆకాశం అలాగే ఉండిపోతాయి. ఎప్పుడైతే గీసేవారికి సరదా పుట్టి వెనక పొలమంతా పక్కకు జరుగుతూ ఉండాలనుకుంటారో, ఆ లాభమంతా ఒక్క దెబ్బకు పోతుంది. తెర మొత్తం నెమ్మదిగా మసకబారి మరో దృశ్యం రావడం ఇంకా ఖరీదు. ప్రతి చుక్కలోనూ పాత రంగు చదవాలి, కొత్తదానితో పాళ్ళు కలపాలి, తిరిగి రాయాలి, అదీ ఎరుపు ఆకుపచ్చ నీలం మూడింటికీ. నా మట్టుకు నాకు ఆ కాలపు పీడీఏ బొమ్మలు ఇప్పటి భారీ బొమ్మల కన్నా తేటగా అనిపిస్తాయి. ఒకటే కదులుతూ ఉంటే కన్ను దాని మీదే నిలుస్తుంది. పాఠానికి కావలసింది అదే కదా.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా. పామ్ వారాల తరబడి నడిచిందంటే, మనం పుల్లలాంటి పెన్నుతో తెరను తాకే దాకా ప్రాసెసర్ నిద్రపోతుంది కాబట్టి. యానిమేషన్ దాన్ని నిద్రపోనివ్వదు.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి మరో మెలిక. సూర్యాపేట అన్న పేరు చూడండి. కంప్యూటర్‌లో అది తొమ్మిది సంకేతాలు: స, ఊత్వం, ర, పొల్లు, య, దీర్ఘం, ప, ఏత్వం, ట. తెర మీద కనపడాల్సింది మాత్రం వేరు. య తర్వాత కొట్టిన దీర్ఘం వెళ్ళి ర నెత్తిన కూర్చోవాలి, య ఒత్తుగా మారి కిందికి చేరాలి. మిర్యాలగూడలోనూ ఇదే ముడి. ఈ కూర్పు చేసే ఏర్పాటు 2008లో ఫ్లాష్ ప్లేయర్ 10 వచ్చేదాకా ఫ్లాష్‌లో సరిగా లేదు. అప్పటిదాకా యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరి పేరే గుర్తుపట్టలేకుండా పోయేది. ఒత్తుల్లేని కోదాడ కాస్త నయం.

మనవాళ్ళు రెండు దారులు పట్టారు. ఒకటి, డీటీపీ వాళ్ళకు అలవాటైన అను లాంటి ఫాంట్లు. వాటిలో అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో దాక్కుని ఉంటాయి, టైపు చేసేవారే ముక్కలు పేర్చుతారు. ప్లేయర్‌కు అది ఇంగ్లీషే అన్న భ్రమ. రెండోది, అక్షరాలను పూర్తిగా వంపులుగా విరగ్గొట్టి బొమ్మగా పెట్టేయడం. కనిపించడానికి రెండూ బాగానే ఉంటాయి. కానీ మొదటి దానిలో అక్షరాలు వెతికితే దొరకవు, రెండో దానిలో వెతకడానికి అక్షరాలే ఉండవు. గుండ్రటి మన లిపికి వంపులు ఎక్కువ కనక ఫైలూ ఉబ్బుతుంది. అందుకే తెలివైనవాళ్ళు తెర మీద రాత తగ్గించి గొంతుతో చెప్పించారు.

పేద యంత్రం మీద కదిలే తెలుగు పాఠం అనగానే గుర్తుకు రావలసిన పేరు బీరంగూడ. అప్పటి మెదక్ జిల్లాలోని ఈ ఊళ్ళో 2000లో టాటా కన్సల్టెన్సీ వారి కంప్యూటర్ ఆధారిత వయోజన అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. దాని వెనకున్నది ఆ సంస్థను నడిపించిన ఎఫ్.సి. కోహ్లీ. ఆఫీసులు వదిలేసిన పాత 486 కంప్యూటర్లే వాడారు. మొదటి పాఠాలు తెలుగులోనే. అక్షరాలు, మాటలు తెర మీద బొమ్మలతో కదులుతుంటే వెనక గొంతు చదివి వినిపిస్తుంది; నలభై గంటల్లో పెద్దలకు చదవడం పట్టుబడేలా చేయడం లక్ష్యం. అది చేతిలో పట్టే యంత్రం కాదు, నిజమే. కానీ లెక్క అదే లెక్క: ఉన్న కొద్ది శక్తిని ఏది కదలాలో దానికే ఖర్చు పెట్టడం.

చేతి యంత్రం సంగతి బెంగళూరులో తేలింది. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థ కలిసి చేసిన సింప్యూటర్ నమూనా 2001 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. ఐప్యాక్‌లోని స్ట్రాంగ్‌ఆర్మే ఇందులోనూ ఉంది, నడిపేది లినక్స్, తెర నలుపూ తెలుపు. చదువు రానివారికి రాతను చదివి వినిపించే ‘ధ్వని’ అనే ప్రోగ్రాం దీని ప్రత్యేకత. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ ద్వారా అమ్మకానికి వచ్చిన అమిడా సింప్యూటర్‌లో యంత్రాన్ని వంచితే స్పందించే సెన్సర్ కూడా ఉంది, ఐఫోన్ కన్నా మూడేళ్ళ ముందు. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. అదే 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వరంగల్ జిల్లాలో ‘ఈ-సాగు’ మొదలుపెట్టింది. పత్తి చేల ఫొటోలు తీసి, సీడీల్లో నింపి నిపుణులకు పంపేవారు. జబ్బు గుర్తించడానికి ఫొటోకు మించింది లేదు. గుర్తించాక రైతుకు వివరించడానికి మాత్రం ఫొటో కన్నా గీసిన బొమ్మే మేలని నా అభిప్రాయం.

మిగిలిన కథ తొందరగా చెప్పేయవచ్చు. 2005లో అడోబీ 340 కోట్ల డాలర్లకు మ్యాక్రోమీడియాను కొన్నది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ అప్పుడు అడోబీలో రెండో స్థానంలో ఉన్నారు, 2007 డిసెంబరులో సీఈఓ అయ్యారు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ను రానిచ్చేది లేదన్నారు. బ్యాటరీ తినేస్తుందని, భద్రత లేదని, వేలితో తాకడానికి కాకుండా మౌస్ కోసం పుట్టిందని. చివరి మాట వింటే పెన్‌పాయింట్ రోజుల జొనాథన్ గే నవ్వుకుని ఉంటాడు. 2011 నవంబరులో అడోబీ ఫోన్ల బ్రౌజర్లకు ఫ్లాష్ చేయడం ఆపేసింది. 2020 డిసెంబరు 31తో కంప్యూటర్ల మీదా ముగిసింది.

పద్ధతి మాత్రం పోలేదు. మీ ఫోన్‌లో టెలిగ్రామ్ ఉంటే అందులోని కదిలే స్టిక్కర్లు వెక్టర్ బొమ్మలే. ఒక్కోటి 64 కేబీ దాటకూడదన్నది నియమం, నిడివి మూడు సెకన్లు. 2017లో వచ్చిన జియోఫోన్ తెర కూడా 240 × 320 చుక్కలే, ఐప్యాక్ తెరకు సరిగ్గా సమానం. ఆ చిన్న తెరలు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటి కోసం పాఠం చేసేవారికి పై లెక్కలు నేటికీ పనికొస్తాయి.

చివరగా ఒక విన్నపం. 2000 తర్వాతి పదేళ్ళలో తెలుగులో ఎన్నో మల్టీమీడియా పాఠాలు, పద్యాల సీడీలు, వ్యవసాయ సీడీలు ఫ్లాష్‌లో తయారయ్యాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాత కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల అల్మరాల్లో, బడుల్లో, రిటైరైన మాస్టార్ల ఇళ్ళలో అవి ఉండే ఉంటాయి. రికార్డబుల్ సీడీలు ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతాయి. దొరికినవాటిని ఇప్పుడే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలుతో పాటు ఎఫ్‌ఎల్‌ఏ అనే మూల ఫైలు కనిపిస్తే దాన్ని అసలు వదలవద్దు. సులువుగా దిద్దుకోవడానికి వీలయ్యేది అదే. ఒక్క ఈఎక్స్‌ఈ ఫైలే ఉంటే కంగారు పడనక్కర్లేదు, అసలు బొమ్మ దాని తోక భాగంలోనే ఉంటుంది, బయటికి తీయవచ్చు. రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాం పాత ఫ్లాష్ ఫైళ్ళను నేటి కంప్యూటర్లో ఆడిస్తుంది. పీడీఏల కాలం నాటి సాదా ఫైళ్ళు అందులో చాలావరకు బాగానే నడుస్తాయి. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.